నొప్పి తెలియని పిల్లవాడికి వాసన కూడా తెలియదు: ఒక సోడియం ఛానెల్ లోపం కేసు

నొప్పి తెలియకుండా పుట్టే పిల్లలు చాలా అరుదు. అలాంటి బిడ్డ మన దగ్గరికి వస్తే చూపంతా గాయాల మీదే ఉంటుంది. విరిగిన ఎముక, కొరుక్కున్న నాలుక, మానని పుండు. ముక్కు సంగతి ఎవరికీ తట్టదు. ముక్కు గురించి అడగాలి, అదీ మొదటి రోజే అడగాలి అని చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. ఆ ఒక్క ప్రశ్న ఇక్కడ జబ్బు పేరు తేల్చింది, ఏ జన్యువును వెతకాలో చూపించింది, ఇంట్లో ఏ జాగ్రత్త తీసుకోవాలో కూడా చెప్పింది. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఎందుకు తీసుకొచ్చారు

బాబుకి ఆరేళ్ళు. గుంటూరు మిరప పొలాల మధ్య ఊరు. ఎడమ చీలమండ వాచిందని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో ఒక కొత్త విరుపు, దాని పైన ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న పాత విరుపు కనిపించాయి. పాత దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కొత్త విరుపుతోనే బాబు బడికి నడిచి వెళ్ళొస్తున్నాడు, ఆడుకుంటున్నాడు. వాపు చూసి అక్క చెబితేగాని తల్లి గమనించలేదు. ఆ ఎముకల డాక్టరు మంచి పని చేశారు. కట్టు కట్టి పంపేయకుండా, "వీడు ఏడవడం లేదు, ఒకసారి నరాలు చూడండి" అని చీటీ రాసి నా దగ్గరికి పంపారు.

చూస్తే ఒంటి మీదే చరిత్రంతా ఉంది. నాలుక కొస లేదు. కింది పెదవి మీద మచ్చకట్టిన గాటు. రెండు వేళ్ళ చివర్లు మొద్దుబారి, గోళ్ళు సరిగా లేవు. పళ్ళు వచ్చే రోజుల్లో కొరుక్కున్నాడట. పిక్క మీద బైక్ సైలెన్సర్ కాల్చిన మచ్చ. టీకా వేసినప్పుడు ఒక్కసారీ ఏడవలేదని నాయనమ్మ మురిసిపోయేదట, "మా వాడు మొనగాడు" అని. తల్లిది మేనమామతో పెళ్ళి. అంటే ఆ నాయనమ్మ ఆమెకు అత్తగారూ, అమ్మమ్మా కూడా. ఈ సంగతి వినగానే కాగితం మీద వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. మేనరికం ఉన్న ఇంట్లో ఇలాంటి లక్షణం కనిపిస్తే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఒకే చెడిన జన్యు ప్రతి రెండూ బిడ్డకు చేరి ఉండొచ్చన్న అనుమానం ముందు రావాలి.

అంతకుముందు ఒక ఆసుపత్రిలో ఈ మచ్చలు చూసి, పిల్లవాణ్ణి ఇంట్లో కొడుతున్నారేమోనని తల్లిని పక్కకు పిలిచి అడిగారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు పూడుకుపోయింది. అలా అడగడం తప్పు కాదు. కారణం తెలియని విరుపులు ఒకటికి మించి కనిపిస్తే అడగడం డాక్టరు బాధ్యత. కానీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోకూడదు. బిడ్డను ఒక్కసారి గుండుసూదితో పరీక్షించి ఉంటే ఆ తల్లికి ఆ నింద తప్పేది.

పరీక్షలో తేలినవి

బాబు చురుకైనవాడు, మాట తేట. దూదితో తాకితే కళ్ళు మూసుకునే చోటు చూపిస్తాడు. అరికాలిలో చక్కిలిగింత పెడితే నవ్వుతాడు. శ్రుతిదండం మోగించి ఎముక మీద ఆనిస్తే అదురు తెలుస్తుంది. చల్లటి గ్లాసు, గోరువెచ్చటి గ్లాసు తేడా చెబుతాడు. మోకాలి రిఫ్లెక్స్ బాగుంది. గుండుసూది గుచ్చితే "సూది" అంటాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోడు. చెవి తమ్మెను గట్టిగా నొక్కినా నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.

ఈ తేడాయే కీలకం. మన ప్రాంతంలో స్పర్శ తగ్గిందంటే ముందు కుష్ఠు కాదని తేల్చుకోవాలి. కుష్ఠులో నొప్పితో పాటు తాకిడి, వేడి, చల్లదనం కూడా పోతాయి, చర్మం మీద మచ్చలుంటాయి, నరాలు లావెక్కుతాయి. ఇక్కడ అవేవీ లేవు. తనను తాను కొరుక్కునే లెష్-నైహన్ జబ్బు కూడా కాదు. ఆ పిల్లల్లో కండరాల బిగువు, కదలికల తేడాలు, యూరిక్ యాసిడ్ పెరుగుదల ఉంటాయి, వీడిలో లేవు. నరాల వేగం కొలిచే పరీక్ష పూర్తిగా మామూలుగా వచ్చింది. ఆ పరీక్ష కొలిచేది లావు నరాలను. నొప్పిని మోసే సన్నటి నరాల గురించి అది ఏమీ చెప్పదు కాబట్టి, "రిపోర్టు నార్మల్" అన్న మాట ఇక్కడ ఎవరికీ ఊరట కాకూడదు.

నొప్పి తెలియకపోవడానికి పుట్టుకతో వచ్చే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మనం ముందుగా వేరుచేయాల్సింది ఎన్‌టీఆర్‌కే1 జన్యు లోపం. ఆ పిల్లలకు చెమట పట్టదు. ఎండాకాలంలో ఒళ్ళు కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చాలామందిలో బుద్ధి ఎదుగుదల కూడా వెనకబడుతుంది. "చెమట పడుతుందా అమ్మా?" అని అడిగితే, "ఎందుకు పట్టదండీ, వేసవిలో చొక్కా పిండుకోవాల్సిందే" అంది. దాంతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

ఆ తరవాత ముక్కు గురించి అడిగాను. ఆమె వెంటనే జవాబివ్వలేదు. కాసేపు ఆలోచించి, "వాసనంటే తెలీదండీ గానీ, ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు అందరం దగ్గుకుంటూ బయటికి పరిగెత్తుతాం. వీడు మాత్రం పొయ్యి పక్కనే కూర్చుని ఆడుకుంటాడు" అంది. ఇంకో సంగతి అక్క చెప్పింది. అటక మీద ఎలక చచ్చి ఇల్లంతా కంపు కొట్టినప్పుడు అందరూ వరండాలో పడుకుంటే, వీడు లోపలే పడుకుంటానని పేచీ పెట్టాడట.

పుట్టుకతో వాసన తెలియని పిల్లలు ఫిర్యాదు చేయరు. లేనిది ఏమిటో వాళ్ళకు తెలియదు. అన్నం తింటారు, ఇష్టాయిష్టాలు చెబుతారు. తీపి, ఉప్పు, పులుపు, చేదు నాలుక పని కాబట్టి అవన్నీ బాగానే ఉంటాయి. అందుకే, "వాసన వస్తోందా?" అని సూటిగా అడిగితే "ఆఁ" అనేస్తారు. ఇంట్లో జరిగిన సంఘటనల గురించి అడిగితేనే నిజం బయటపడుతుంది.

ముక్కును పరీక్షించిన తీరు

ఖరీదైన కిట్ ఏదీ వాడలేదు. విదేశాల్లో తయారైన వాసన పరీక్షల్లో మన పిల్లలు ఎన్నడూ ఎరగని వాసనలు కొన్ని ఉంటాయి. ఆరేళ్ళవాడు పేరు చెప్పలేకపోతే అది ముక్కు లోపమో, పరిచయం లేకపోవడమో తేలదు. అందుకని పేరు అడగలేదు. ఒకేలాంటి రెండు చిన్న డబ్బాలు. ఒకదానిలో ఉత్త దూది, ఇంకోదానిలో వాసన ఉన్న దూది. కళ్ళకు గంతలు. "దేన్లో ఏదో ఉంది?" అన్నది ఒక్కటే ప్రశ్న. ఊహించి చెప్పినా సగం సార్లు సరిపోతుంది కాబట్టి, ప్రతి వాసననూ డబ్బాల చోటు మారుస్తూ పదేపదే అడగాలి.

ఏ వాసన ఎంచుకుంటామన్నది ముఖ్యం. కర్పూరం, మెంతాల్, అమోనియా, వెల్లుల్లి వాసన నరంతో పాటు ముక్కులోని ట్రైజెమినల్ నరాన్ని కూడా గిల్లుతాయి. చురుక్కుమనడం, మండడం, చల్లగా అనిపించడం ఆ రెండో నరం పని. కాఫీ పొడి, వనిల్లా, పన్నీరు (గులాబీ నీరు) దాదాపుగా వాసన నరాన్నే తట్టి లేపుతాయి. ముందు ఈ మూడూ వాడాను. తొమ్మిదేళ్ళ అక్కను కూడా పక్కన కూర్చోబెట్టి అదే పరీక్ష చేశాను. ఆమె ఒక్కటీ తప్పకుండా చెప్పింది. బాబు జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే పడ్డాయి. అంటే పూర్తిగా ఊహే.

తరవాత అమోనియా. ఇక్కడ పాత పాఠం ఒకటుంది. వాసన రావడం లేదని చెప్పే మనిషి అమోనియా కూడా తెలియడం లేదంటే నటిస్తున్నాడేమోనని అనుమానించమంటారు. వాసన నరం చచ్చినా ట్రైజెమినల్ బతికే ఉంటుంది, అమోనియాకు తల వెనక్కి పడాల్సిందే అన్నది ఆ పాఠంలోని తర్కం. ఈ బాబు అమోనియా దగ్గర కూడా కదల్లేదు. ఇతని విషయంలో ఆ పాఠం వర్తించదు. ఘాటును చెప్పే ట్రైజెమినల్ కొసలు కూడా నొప్పి నరాలే. నొప్పి కబురును నరాల వెంట నడిపే సోడియం ఛానెల్, అంటే ఈ బాబులో చెడినది, వాటిలోనూ ఉంటుంది. మిరపకాయల పొగ దగ్గర ఈ బాబు అంత హాయిగా ఎందుకు కూర్చోగలిగాడో దాంతో అర్థమైంది.

మెదడు ఎమ్మారై తీయించలేదు. మెదడు కింద వాసన కబురు అందుకునే వాసన బుడిపె అసలు ఏర్పడని కాల్‌మన్ లాంటి జబ్బులకు ఎమ్మారై పనికొస్తుంది, కానీ వాటిలో నొప్పి పోదు. ఈ రెండు లక్షణాలూ ఒకే బిడ్డలో కలిసి కనిపిస్తే వేలు ఒకే జన్యువును చూపిస్తుంది. ఆరేళ్ళవాడికి మత్తిచ్చి స్కాన్ చేయడం కంటే ఆ డబ్బును జన్యు పరీక్షకు వాడటం మేలనుకున్నాను. అదే సలహా ఇచ్చాను.

వాసన విద్యుత్తుగా మారే దారి

రెండు లక్షణాలకూ ఒకే జన్యువు ఎందుకు కారణమవుతుందో అర్థం కావాలంటే ముక్కు పైకప్పు దాకా వెళ్ళాలి. అక్కడ ఒక చిన్న పొరలో లక్షల సంఖ్యలో వాసన నాడీకణాలు ఉంటాయి. ఒక్కో కణం నుంచి సన్నటి నూగు లాంటి సీలియా చీమిడిలోకి చాచి ఉంటుంది. వాసన అణువును పట్టుకునే రిసెప్టర్లు ఆ నూగు మీద ఉంటాయి. వాటి జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ బయటపెట్టారు. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసే వాసన రిసెప్టర్లు సుమారు 400 రకాలు. మామూలుగా వాసన గురించి రాసేవాళ్ళంతా ఈ రిసెప్టర్ల దగ్గరే ఆగిపోతారు. అది నాకు వెలితిగానే అనిపిస్తుంది. రిసెప్టర్ అణువును పట్టుకున్నంత మాత్రాన మెదడుకు ఏమీ తెలియదు. పట్టుకున్న సంగతి విద్యుత్తుగా మారాలి. ఆ పని అయాన్ ఛానెళ్ళది. కణపు పొరలో సన్నటి ద్వారాల్లా ఉండి, సోడియం, కాల్షియం, క్లోరైడ్ లాంటి విద్యుదావేశం ఉన్న అయాన్లను లోపలికీ బయటికీ వదిలే ప్రోటీన్లవి.

మొదటిది సీఎన్‌జీ ఛానెల్. రిసెప్టర్‌కు అణువు తగిలితే కణంలో ఒక జీ ప్రోటీన్ మేల్కొంటుంది, అది ఒక ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ నేరుగా వెళ్ళి సీఎన్‌జీ ఛానెల్‌కు అతుక్కుని దాన్ని తెరుస్తుంది. ఇలా నేరుగా తెరుచుకునే ఛానెల్ వాసన సీలియాలో ఉందని 1987లో నకమురా, గోల్డ్ చూపించారు. దాని గుండా సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి.

రెండోది కాల్షియంతో తెరుచుకునే క్లోరైడ్ ఛానెల్, దాని పేరు అనోక్టమిన్ 2. మిగతా నాడీకణాల్లో చాలావాటిలో క్లోరైడ్ ఛానెల్ తెరిస్తే కణం నెమ్మదిస్తుంది. వాసన కణంలో దీనికి తలకిందులు. ఈ కణం ముందుగానే క్లోరైడ్‌ను లోపల పోగుచేసి పెట్టుకుంటుంది. ఛానెల్ తెరుచుకోగానే ఆ రుణావేశం బయటికి పోతుంది, కణం ఇంకా ఉత్తేజితమవుతుంది. సీఎన్‌జీ తెచ్చిన చిన్న ప్రవాహాన్ని ఇది పెద్దది చేస్తుంది. బయట చీమిడిలో లవణాల మోతాదు ఎప్పటికప్పుడు మారిపోయే చోట, లోపల దాచుకున్న నిల్వతో సంకేతాన్ని పెంచుకోవడం చాలా తెలివైన ఏర్పాటు. అయినా ఈ ఛానెల్‌ను తీసేసిన ఎలుకలు ఇంచుమించు మామూలుగానే వాసన పట్టాయి.

సీఎన్‌జీ లేకపోతే మాత్రం పరిస్థితి వేరు. 1996లో ఆ ఛానెల్‌లోని ప్రధాన భాగమైన సీఎన్‌జీఏ2ను తీసేసిన ఎలుకల్లో వాసన పోయింది. చాలా పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే చనిపోయాయి, ఎందుకంటే ఎలుక పిల్ల తల్లి రొమ్మును వెతుక్కునేది వాసనతోనే. మనుషుల్లోనూ సీఎన్‌జీఏ2 జన్యువు చెడి పుట్టుకతో వాసన లేని అన్నదమ్ముల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇదే ఛానెల్‌లోని ఇంకో భాగం, సీఎన్‌జీబీ1, కంటి రెటీనాలో కూడా పనిచేస్తుంది. అది చెడితే రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసాతో పాటు వాసన కూడా తగ్గుతుంది. మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో రేచీకటితో వచ్చే ప్రతి పిల్లవాణ్ణీ కంటి డాక్టర్లు వాసన గురించి ఒక్క మాట అడిగితే బాగుంటుంది.

ఇక మూడోది, ఈ బాబు కథలో అసలైనది. సీలియాలో పుట్టిన విద్యుత్తు కణం దేహానికి చేరి, అక్కడి నుంచి ఆక్సాన్ అనే పొడవాటి తీగ వెంట, నుదుటి వెనక జల్లెడ లాంటి ఎముక రంధ్రాల గుండా మెదడు కింది వాసన బుడిపెలోకి పోవాలి. ఆ ప్రయాణాన్ని నడిపేవి వోల్టేజీతో తెరుచుకునే సోడియం ఛానెళ్ళు. మనిషిలో ఈ కుటుంబంలో తొమ్మిది ఉన్నాయి. అందులో నావ్ 1.7 వాసన కణాల్లో ప్రధానమైనది. నొప్పిని మోసే సన్నటి నరాల్లోనూ అదే ప్రధానం. దాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌సీఎన్9ఏ, రెండో క్రోమోజోమ్ మీద ఉంటుంది.

2011లో జర్మనీలోని జార్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ సూఫాల్, ట్రేజే లైండర్స్-సూఫాల్ బృందం ఒక అపురూపమైన సంగతి చూపించింది. నావ్ 1.7 లేక నొప్పి తెలియని ముగ్గురు మనుషులను పరీక్షిస్తే, ముగ్గురికీ వాసన లేదు. ఎందుకో తెలుసుకోవడానికి వాసన కణాల్లో మాత్రమే ఆ ఛానెల్ లేని ఎలుకలను తయారుచేశారు. ఆ ఎలుకల ముక్కులోని కణాలకు వాసన చూపిస్తే అవి ఉత్తేజితం అవుతున్నాయి! రిసెప్టర్ బాగుంది, సీఎన్‌జీ బాగుంది, కణం దేహంలో మిగిలిన సోడియం ఛానెళ్ళతో విద్యుత్ తుళ్ళింత కూడా పుడుతోంది. కానీ ఆక్సాన్ కొసకు చేరాక, తరవాతి కణానికి కబురు అందించాల్సిన గ్లూటమేట్ అనే రసాయనం విడుదల కావడం లేదు. కాలువ నిండా నీళ్ళు పారుతున్నా చివరి తూము ఎత్తకపోతే చేను తడవదు కదా, అలాగే. ముక్కు వాసనను పసిగడుతోంది, మెదడుకు ఆ కబురు అందడం లేదు.

ఈ ఫలితం మొదటిసారి చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాలో ఇప్పటికీ తగ్గలేదు. ముక్కులో లోపం ఉందంటే రిసెప్టర్ల దగ్గరో, ముక్కు పొరలోనో ఉంటుందని అనుకుంటాం. కోవిడ్‌లో వాసన పోవడానికి కూడా మొదట దెబ్బతిన్నవి నాడీకణాలు కావు, వాటికి ఆసరాగా ఉండే కణాలు. ఈ బాబు విషయంలో ముక్కు పొర, రిసెప్టర్లు, మొదటి రెండు ఛానెళ్ళు అన్నీ బాగున్నట్టే లెక్క. తప్పు జరుగుతున్నది తీగ కొసన, ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే మొట్టమొదటి సైనాప్స్ దగ్గర.

ఇంకో చిక్కుముడి కూడా దీంతో విడిపోయింది. శరీరమంతా నావ్ 1.7 లేని ఎలుక పిల్లలు అంతకుముందు పుట్టిన వెంటనే పాలు తాగక చనిపోయేవి. నొప్పి లేకపోతే చావు ఎందుకు? వాసన లేక రొమ్ము దొరకకపోవడం వల్ల. తరవాత వేరే పరిశోధకులు వాటికి చేత్తో పాలు పట్టి పెంచితే బతికాయి, వాటికి నొప్పీ తెలియలేదు, వాసనా తెలియలేదు. మన బిడ్డను తల్లి గుండెకు హత్తుకుని పాలిస్తుంది కాబట్టి ఆ లోపం పసితనంలో ఎవరి కంటా పడదు.

ఈ జన్యువు ఎలా దొరికింది

ఎస్‌సీఎన్9ఏకు నొప్పితో ఉన్న ఈ సంబంధం 2006లో బయటపడింది. పాకిస్తాన్ ఉత్తర ప్రాంతంలోని మూడు కుటుంబాల నుంచి. అక్కడా దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళే. అన్వేషణకు మూలం లాహోర్ వీధుల్లో ప్రదర్శనలిచ్చే ఒక పదేళ్ళ బాలుడు. చేతుల్లోకి కత్తులు గుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. కేంబ్రిడ్జికి చెందిన జెఫ్రీ వుడ్స్ బృందం అధ్యయనం మొదలుపెట్టే నాటికే ఆ అబ్బాయి లేడు. పద్నాలుగో పుట్టినరోజు రాకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. ఆ కుటుంబాల్లో పరీక్షించిన ఆరుగురు పిల్లలకూ పెదవులకో నాలుకకో గాయాలున్నాయి, ఇద్దరికి నాలుక చివరి భాగమే లేదు. ఆ పేరాలు చదువుతూ మా బాబు నాలుకను తలుచుకోకుండా ఉండలేం.

ఇదే జన్యువులో ఛానెల్‌ను అతిగా తెరిచే మార్పులొస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది. అరికాళ్ళు, అరచేతులు ఎర్రబడి నిప్పుల్లా మండే ఎరిత్రోమెలాల్జియా వస్తుంది. ఒకే ప్రోటీన్. పనిచేయకపోతే నొప్పే లేదు, అతిగా పనిచేస్తే ఓర్చుకోలేనంత నొప్పి.

ఫలితం, కుటుంబంతో మాటలు

ప్రోటీన్లను తయారుచేసే జన్యు భాగాలన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్షలో ఎస్‌సీఎన్9ఏ రెండు ప్రతుల్లోనూ ఒకే చోట, ప్రోటీన్ తయారీని మధ్యలోనే ఆపేసే మార్పు కనిపించింది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో ప్రతిలో అదే మార్పు, రెండో ప్రతి బాగుంది. వాళ్ళిద్దరికీ నొప్పి తెలుస్తుంది, వాసనా తెలుస్తుంది. ఒక్క మంచి ప్రతి ఉంటే ఆ రెండు పనులకూ సరిపోతుంది.

"మావల్లే వచ్చిందా డాక్టరుగారూ?" అని తండ్రి అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు నిదానంగా చెప్పాలి. మేనరికం జబ్బును పుట్టించదు. తాత ముత్తాతల నుంచి దాగి వస్తున్న ఒకే మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశాన్ని పెంచుతుంది. ఎవరి తప్పూ కాదు. ఇకపై పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. గర్భంలో ఉండగానే పరీక్షించుకునే వీలుందని చెప్పాను. నిర్ణయం వాళ్ళది. అదే గదిలో కూర్చుని వింటున్న నాయనమ్మ ఒకటే అడిగింది: "అయితే నా కూతురి పిల్లలకు కూడా చూడాలా నాయనా?" ఎంతమంది చదువుకున్నవాళ్ళో ఆ ప్రశ్న అడగరు. ఆ ఇంట్లో మళ్ళీ మేనరికం అనుకునే ముందు పెద్దపిల్లల రక్తం పరీక్షించుకోవాలని అక్కడే మాట అనుకున్నాం.

మందు ఉందా అంటే, వాసన తెప్పించే మందు లేదు. నొప్పి విషయంలో 2015లో ఒక దారి కనిపించింది. నావ్ 1.7 లేని ఎలుకల్లో శరీరం సొంతంగా చేసుకునే, నొప్పిని అణిచే ఓపియాయిడ్లు పెరిగి ఉన్నాయి. ఈ జబ్బున్న ఒక మహిళకు ఓపియాయిడ్లను అడ్డుకునే నలోక్సోన్ ఇస్తే ఆమెకు మొదటిసారి నొప్పి తెలిసింది. శాస్త్రంగా అది గొప్ప సంగతి. కానీ ఒక మనిషిలో చేసిన పరీక్షను పట్టుకుని ఆరేళ్ళ పిల్లవాడికి రోజూ నలోక్సోన్ ఎక్కించలేం, ఎక్కించకూడదు. తండ్రికి అదే చెప్పాను.

ఇలాంటి పిల్లల వల్లే మందుల పరిశోధనలో నావ్ 1.7ను మూసే మందు కోసం ఏళ్ళ తరబడి వెతికారు. ఆ ఛానెల్‌ను మూస్తే మనిషికి నొప్పి పోతుంది, బుద్ధి మందగించదు, అలవాటు పడదు అన్నది ఆశ. అది ఇంకా సాధ్యపడలేదు. నొప్పి నరాల్లో ఉండే దాని సోదర ఛానెల్ నావ్ 1.8ను మూసే సుజెట్రిజిన్‌ను మాత్రం 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. రేపు ఎవరైనా నిజంగా గట్టిగా పనిచేసే నావ్ 1.7 మందు తెచ్చి, అది ముక్కు నరాల దాకా చేరితే, రోగుల వాసనను కూడా ప్రతి విడతలో కొలవాలి. ఈ బాబు లాంటి పిల్లలే ఆ హెచ్చరిక ముందుగా ఇచ్చారు.

ఇంట్లో చేయాల్సినవి

నొప్పి లేకపోవడానికి జాగ్రత్తలు చాలామంది చెబుతారు. ఉదయం, రాత్రి ఒళ్ళంతా చూడటం, ముఖ్యంగా అరికాళ్ళు, నోరు, కళ్ళు. చెప్పు లేకుండా అడుగు పెట్టనీయకపోవడం. స్నానం నీళ్ళను పెద్దవాళ్ళు మోచేతితో చూడటం. పదునైన పళ్ళను అరగదీయించడం. నడక తేడాగా ఉన్నా, ఎక్కడ వాచినా ఎక్స్‌రే. కడుపునొప్పి అని వీడు ఎన్నడూ చెప్పడు. కాబట్టి కారణం తెలియని జ్వరం, వాంతులు వస్తే అపెండిసైటిస్ కూడా మనసులో పెట్టుకోవాలని ఊళ్ళో చూసే డాక్టరుకు చీటీ రాసిచ్చాను. ఇవి పాఠ్యపుస్తకంలో ఉన్నవే, వివరించను.

వాసన వైపు జాగ్రత్తలు మాత్రం ఎవరూ చెప్పరు, కాబట్టి వాటి దగ్గర ఆగాలి. వంటగ్యాస్‌కు సొంతంగా చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ రక్షణ ఈ బాబుకు లేదు. నిప్పు చర్మాన్ని కాల్చినా నొప్పి తెలియదు. రెండు కాపలాలూ ఒకేసారి లేని బిడ్డ వాడు. అందుకే వంటింట్లో గ్యాస్ లీకును పసిగట్టి మోగే పరికరం పెట్టించమన్నాను, నేలకు దగ్గరగా, ఎందుకంటే ఎల్‌పీజీ గాలి కంటే బరువు. పొగకు మోగేది ఒకటి పడక గదిలో. పాలు విరిగాయా, కూర పాచిపోయిందా అన్నది వాసనతో కాకుండా ఎప్పుడు వండారన్న లెక్కతో చూసుకోవడం నేర్పమన్నాను. మిరప పొలం, పురుగు మందు డబ్బాలు ఇంకో ప్రమాదం. మందు కొట్టిన చేలో ఘాటు వాడికి తెలియదు, కళ్ళు మండవు. ఆ రోజుల్లో వాడు పొలానికి వెళ్ళకూడదన్నది ఇంట్లో ఖచ్చితమైన నియమం కావాలి. బడిలో టీచరుకు కూడా ఇదంతా రాసి పంపాను.

ఇప్పుడు బాబు మూడో తరగతి. చీలమండ అతుక్కుంది, కానీ ఆ కీలు అరుగుదల మొదలైంది కాబట్టి ప్రత్యేకమైన బూటు చేయించాం. నల్లగుడ్డు మీద గీతలు పడకుండా ఆరు నెలలకోసారి కంటి పరీక్ష. గ్యాస్ పరికరం వంటింట్లో బిగించారు. అది మోగితే వెంటనే బయటికి పరిగెత్తాలని అక్క వాడికి నేర్పింది. మేనత్త ఇంట్లో పెద్ద పిల్లలిద్దరి రక్తం పరీక్షకు పంపాం. ఒకరిలో ఒక ప్రతి మార్పు ఉంది, రెండోవారిలో లేదు.